అమ్మమ్మ పాడని పాట

ఆ పొద్దున అనిల్ కుమార్ మంచినీళ్ళ టిన్ను తనే మోసుకొచ్చి, వంటింటి గడప దాటించి, గట్టు మీద పెట్టాడు. ఫెబాకి అక్కడే అనుమానం వచ్చింది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ టిన్ను బైకు దిగడం వరకే అతని పూచీ. వాకిట్లో దించి హారన్ కొడతాడు. పిండి చేతులైతే పిండి చేతులు, సబ్బు చేతులైతే సబ్బు చేతులు, కొంగుకి తుడుచుకుంటూ ఆమె వెళ్ళి ఎత్తుకొచ్చుకోవాలి. కడుపుతో ఉన్న నెలల్లోనూ అదే హారన్. అలాంటి మనిషి ఇవాళ "ఇటు పెట్టనా, ఇంకొంచెం అటు జరపనా?" అని అడుగుతుంటే వంకాయలు తరుగుతున్న ఆమె చేయి ఆగిపోయింది. పైగా కూర అదిరిందన్నాడు. కూర ఇంకా పొయ్యెక్కనేలేదు.

మొగుడు మంచిగా ఉంటే సంతోషపడాలి గానీ అనుమానమేంటని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ళెవరూ అనిల్ కుమార్‌తో కాపురం చేయలేదు. అతని మంచితనం వెనక ఎప్పుడూ ఒక పని ఉంటుంది. కెమెరా కొనడానికి ఆమె చెవి కమ్మలు అడగబోయే ముందు బిడ్డకు తనే జడలు వేశాడు. మార్టూరు రాళ్ళ పాలిష్ యూనిట్లో మిషను పని మానేస్తున్నానని చెప్పే ముందు ఆమెను చిలకలూరిపేట తీసుకెళ్ళి బిర్యానీ తినిపించాడు. ఆ బిర్యానీ అరిగేలోపే "ఇక నుంచి చానెలే మన పని" అన్నాడు. మన అంటే, పాట కట్టేది ఆమె, పాడేది ఆమె, మిరప కోతలకు పోయి ఇల్లు నడిపేదీ ఆమె. చానెల్ పేరు మాత్రం 'అనిల్ జానపదం'. పాట బాగుంటే కింద "సూపర్ అనిల్ అన్నా" అని రాస్తారు. చీర బాగాలేకపోతే అది ఆమెకు రాస్తారు.

అందుకని ఆమె ఏమీ అనకుండా వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేస్తూ ఉండిపోయింది. అడగకపోతే అతనే కక్కుతాడు.

"మధ్యాన్నం వాళ్ళొస్తన్నారే," అన్నాడు అనిల్ కుమార్. "విజయవాడ కంపెనీ వాళ్ళు. మన మజ్జిగ పాట వాళ్ళ వెబ్ సిరీసులో పెట్టుకుంటారంట."

ఆమె గుండె ఒక్కసారి ఎగిరింది. ఎగిరిన గుండెను వెంటనే నొక్కిపెట్టింది. "నన్ను పాడమంటారా?"

"పాడేది వేరే ఆవిడ. పేరున్న మనిషి. నువ్వు కెమెరా ముందు ఒక్క మాట చెప్తే చాలు. ఇది మా అమ్మమ్మ పాడిన పాట, మా వైపు చేలల్లో అందరూ పాడుకునేదే అని."

"అది చెప్పడానికి అంత దూరం నుంచి కెమెరా ఏసుకుని రావాలా?"

"రేపెవరైనా ఆ పాట నాదంటే గొడవలొస్తయ్ గదా. అందుకని అందర్నీ ఇట్టాగే అడుగుతారంట. చివర్లో సేకరణ అనిల్ కుమార్ అని పేరేస్తారు."

"మరి నా పేరు?"

అతను నవ్వాడు. "మీ అమ్మమ్మ పాటకి నీ పేరెందుకేస్తారే?"

నవ్వు అయ్యాక కూడా అతను వంటింట్లోంచి కదల్లేదు. టిన్ను మీద చేయి వేసి ఆమెనే చూస్తున్నాడు. ఫెబా కత్తి పక్కన పెట్టింది.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే అది నువ్వు రాసిన పాటని అవుద్ది." గొంతు పెంచకుండానే అన్నాడు. "నువ్వు రాసిందే అయితే ఆ బైకోడు ఎవడో కూడా చెప్పాల. నాక్కాదు. మా అమ్మకి చెప్పు. చర్చిలో అయ్యగారికి చెప్పు."

కొత్త చీర మంచం మీద పెట్టానని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ బైకోడి సంగతి చెప్పాలంటే పాట సంగతి ముందు చెప్పాలి. ఫెబాకి పాటలు కట్టడం ఎవరూ నేర్పలేదు. చర్చి కోయిర్లో గొంతెత్తేది ఆమే కాబట్టి రాగాలు నోట్లో తిరుగుతుండేవి. మిరపచేలో సాలు పట్టుకుని పోతుంటే ఆ రాగాల్లోకి తన మాటలు వచ్చి కూర్చునేవి. కోతలకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య పాడితే వాళ్ళు అందుకునేవాళ్ళు. ఎవరి పాట అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. చేలో పాటకి ఊరూ పేరూ ఉండవు. అనిల్ కుమార్ ఫోన్‌తో మొదటిసారి వీడియో తీసిన రోజు మాత్రం అత్త పుల్లమ్మ గట్టు మీద నిలబడి అడిగింది, "ఎవరిదే ఈ పాట? ఎవడే ఆ మావ?" అని. పాటలో మావ ఉన్నాడు. పాటన్నాక ఉంటాడు. కానీ నేనే కట్టానంటే ఆ మావకి ఊళ్ళో ఒక ఇల్లు వెతుకుతారని ఫెబాకి ఆ క్షణంలోనే అర్థమైంది. నోటికి వచ్చిన అబద్ధం చెప్పేసింది. "మా అమ్మమ్మ పాడేది అత్తా."

అంతే. పుల్లమ్మ మొహం విప్పారింది. అప్పటిదాకా "దేవుడి పాటలు పాడే నోటితో లోకపాటలేందే" అని సణిగే మనిషి, "పాత పాటలా, అయితే పర్లేదులే" అంది. అమ్మమ్మ మావని ప్రేమించినా, మావ కోసం మంచె కింద కాచుక్కూర్చున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. చచ్చిపోయిన ఆడదానికి ఎంత ప్రేమ అయినా ఉండొచ్చు. బతికున్నదానికే లెక్క చెప్పాలి.

ఆ రోజు నుంచి ఫెబా పాట కట్టాక దానికి వయసు పోసేది. ఈ విద్య ఆమె తనంతట తను నేర్చుకుంది. ఆటో అని వస్తే ఎడ్లబండి అని మార్చేది. ఫోన్ మోగితే దాన్ని తీసేసి కోడి చేత కూయించేది. చున్నీ కొంగయ్యేది. కోల్డ్ స్టోరేజీ కల్లం అయ్యేది. అలా మార్చుకుంటూ పోతే పాట నిజంగానే ముసలిదైపోయేది. ఎంత ముసలిదంటే, కోతల్లో ఒకరిద్దరు పెద్దవాళ్ళు "ఇది మా చిన్నప్పుడు మేమూ పాడేవాళ్ళం" అనడం మొదలుపెట్టారు. మొదటిసారి విన్నప్పుడు ఫెబా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. రెండోసారి గర్వపడింది. ఆ తర్వాత నవ్వు రాలేదు. పాట తన దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా జరిగిపోతున్నట్టు అనిపించింది. పిలిచి నాది అనడానికి మొహం చెల్లలేదు. అబద్ధం మొదలుపెట్టింది తనే కదా.

మజ్జిగ పాట పోయిన ఎండాకాలం పుట్టింది. చివరి కోతలు. మిగిలిన కాయ ఎండిపోయి చెట్టు మీదే గలగలమంటోంది. సాయంత్రానికి ఆమె చేతులు మణికట్టు దాకా మండిపోతున్నాయి. కూలీల ఆటో ఆమెను చిలకలూరిపేట హైవే మీద, జిన్నింగు మిల్లుల దగ్గర దించింది. అనిల్ కుమార్ బైకు మీద వచ్చాడు, ముందు బిడ్డను కూర్చోబెట్టుకుని. బిడ్డ చేతులు చాపింది. "ఆ చేతుల్తో ముట్టుకోమాక, దానికి మండుద్ది," అన్నాడు. అది న్యాయమే. ఆమె ముట్టుకోలేదు. అతను పక్క బంకులో చల్లని మజ్జిగ పాకెట్టు కొన్నాడు. పంటితో కొరికి, తలెత్తి, ఒక్క గుక్కలో తాగేసి ఖాళీ పాకెట్టు రోడ్డు మీద పారేశాడు. "ఎండ దంచేస్తందే," అన్నాడు. ఆమె వెనక ఎక్కి భుజం మీద చేయి వేయబోతే, "చొక్కాకి కారం అంటుద్ది, వెనక కడ్డీ పట్టుకో" అన్నాడు.

ఆమె కడ్డీ పట్టుకుంది. ఎండకి కాలిపోతున్న ఇనప కడ్డీ. ఊరు వచ్చేదాకా దాన్నే పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇంకో మనిషిని ఆలోచించింది. మొహం లేదు ఆ మనిషికి. పేరు లేదు. అదే బైకు, అదే బంకు, అదే పాకెట్టు. ఒక్క పని మాత్రం వేరేగా చేశాడు. మర్నాడు అంట్లు తోముతూ, ఫోన్‌లో రికార్డింగు నొక్కి కిటికీలో పెట్టి పాడుకుంది:

బైకు ఆపి నా పక్కకొచ్చినాడే
మజ్జిగ పాకెట్టు చింపినాడే
తను తాగక నా చేతులు కడిగినాడే
ఎక్కడే మంటంటూ అడిగినాడే

తర్వాత ఎప్పటిలాగే వయసు పోసింది. బైకు ఎడ్లబండయింది. పాకెట్టు ముంతయింది. అనిల్ కుమార్ వీడియో తీశాడు. ఆ పాట ఆమె కట్టిన పాటలన్నిటినీ దాటిపోయింది. ఒంగోలు నుంచి, గుంటూరు బ్రాడీపేటలో కోచింగు సెంటర్ల ఆడపిల్లల నుంచి, ఎక్కడెక్కడి నుంచో రాశారు, ఈ ముక్క వినగానే ఏడుపొచ్చిందని. 'ఎక్కడే మంట' అన్న దగ్గర ఎందుకు ఏడుపొస్తుందో ఫెబాకి బాగా తెలుసు. అడిగేవాళ్ళు ఎవరింట్లోనూ లేరు.

పోయిన వారం అనిల్ కుమార్ ఆమె ఫోన్‌లో వెతుకుతూ వెతుకుతూ ఆ మొదటి పాట వినేశాడు. ఏం వెతికాడో అడగడం దండగ. ఆమె ఫోన్ అతనికి తెరిచిన పుస్తకమే, అతని ఫోన్‌కి మాత్రం తాళం. బట్టలు ఆరేస్తున్న ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బైకోడు ఎవడు?" అన్నాడు. "ఎవరూ లేరు" అంది. "పాకెట్టు చింపాడంటన్నావ్ గదా. ఏ బంకు కాడ?" ఆమె తడి చీర దులిపి తీగ మీద వేసింది. ఆ పాటను తన ఫోన్‌లోకి పంపుకున్నాడు. "ఉండనీ, దీంతో పనుంది," అన్నాడు. అరవలేదు, కొట్టలేదు, పుల్లమ్మతో చెప్పలేదు. ఆ వారమంతా ఆమెకు అదే భయం. అరిచే మనిషి అరవకపోతే ఎక్కడో ఏదో దాస్తున్నాడని. ఇప్పుడు తెలిసింది ఏం దాచాడో. మొగుడికి అనుమానం వస్తే బాధపడతాడని అనుకుంది గానీ, దాన్ని ఇలా పనికి పెట్టుకుంటాడని అనుకోలేదు.

వంకాయ కూర ఉడుకుతోంది. ఫెబా గరిట పట్టుకుని నిలబడింది. బయటపడే దారి ఒకటుంది. చాలా సులువైన దారి. "పిచ్చోడా, ఆ బైకోడు నువ్వే" అంటే చాలు. బైకు అతనిదే, బంకు అతనికి తెలిసిందే. అతను పొంగిపోతాడు. నా మీద పాట రాసిందని మార్టూరు దాకా చాటుకుంటాడు. బహుశా పాటకి ఆమె పేరు కూడా పడనిస్తాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అంటే ఏమవుతుంది? అతను తాగేసిన మజ్జిగ ఆమె చేతుల మీద పోసినట్టు లోకానికి రుజువైపోతుంది. ఆ కడ్డీ ఎంత కాలిందో ఇంకెవరికీ తెలియదు. కొన్నాళ్ళకి ఆమె కూడా మరిచిపోతుంది, ఎందుకంటే అబద్ధాలకి వయసు పోయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇంతా చేసి అతనికి దొరికేది ప్రేమించిన మొగుడన్న పేరు. వద్దు. ఆ ఒక్క పనీ చేయలేదు.

విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి పేరు శ్రీరమ్య. జీన్స్ ప్యాంటు, చెవికి చిన్న రింగులు, మెత్తటి మాట. వెనక కెమెరా పట్టుకున్న ముదస్సిర్. ఇద్దరూ ఊరి బయట మిరప కల్లం చూసి ముచ్చటపడిపోయారు. ఎండబోసిన మిరపకాయల ముందు కుర్చీ వేయించారు. "ఫెబా గారూ, చేతిలో కొన్ని కాయలు పట్టుకోండి. నేటివిటీ ఉంటుంది," అంది శ్రీరమ్య. అనిల్ కుమార్ తెచ్చిన నేత చీర కూడా అందుకే. పల్లెటూళ్ళో పుట్టి పల్లెటూళ్ళో కూలికి పోతున్న మనిషిని పల్లెటూరిదానిలా కనపడమంటే ఎలా కనపడాలో తెలియక ఫెబా కాయలు ఒళ్ళో పోసుకుని కూర్చుంది.

ముందు పుల్లమ్మను మాట్లాడించారు. ఆవిడ జుట్టు దువ్వుకుని, చెంగు సర్దుకుని, సాక్ష్యం చెప్పడానికి చర్చిలో నిలబడ్డట్టు నిలబడింది.

"మా అమ్మ పాడేదమ్మా ఈ పాట. నేను సంకలో ఉండంగా విన్నా. బండి ఆపి, ముంత వంచి... అబ్బ, మా అమ్మ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది." పుల్లమ్మ కళ్ళు తుడుచుకుంది.

అబద్ధం చెప్పడం లేదు ఆవిడ. నిజంగానే విన్నాననుకుంటోంది. ఫెబా అత్త మొహంలోకి చూసింది. ఆ పాట లేనప్పుడు పుల్లమ్మకి తల్లి గొంతు గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. తను అంట్లు తోముతూ కట్టిన ముక్క పోయి, ఎప్పుడో చచ్చిపోయిన ఒక కూలి మనిషి నోట్లో కూర్చుంది. పాట అంత బాగుందన్నమాట. తన సొమ్ము పోతున్న వేళ కూడా ఫెబాకి ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింత మీద ఆమెకే కోపం వచ్చింది.

శ్రీరమ్య ఇటు తిరిగింది. "చాలా బాగా చెప్పారండీ పెద్దావిడ. ఇప్పుడు మీరు. సింపుల్‌గా, ఈ పాట మీకు ఎవరు నేర్పారో చెప్పండి చాలు."

అనిల్ కుమార్ కెమెరా పక్కన నిలబడి ఉన్నాడు. జేబు మీద, ఫోన్ ఉన్న చోట, చేయి వేసుకుని. చెప్పు అన్నట్టు తల ఊపాడు. ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధ సాక్ష్యం పలకకూడదని నేర్పేది ఫెబానే. పొరుగువాడి మీద పలకకూడదని ఉంది అక్కడ. తన మీద తను పలకొచ్చా అని ఏ పిల్లా అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో.

"ఎవరూ నేర్పలేదండీ," అంది ఫెబా. "మా అమ్మమ్మకి పాటలే రావు. ఇది పాత పాట కాదు. పోయిన ఎండాకాలం నేను కట్టింది."

"ఏందే ఆ మాటలు?" పుల్లమ్మ విస్తుపోయింది. "మా అమ్మ పాడేదంటంటే!"

"కట్ చెయ్యండి మేడం," అనిల్ కుమార్ ముందుకొచ్చాడు. "పొద్దున్నించి దీనికి ఒంట్లో బాలేదు."

శ్రీరమ్య చేయెత్తి అతన్ని ఆగమంది. కానీ ఆమె మొహంలో మెత్తదనం పోయింది. ఆమెకూ అనుమానం వచ్చినట్టుంది, ఇప్పుడు ఈ పల్లెటూరి మనిషి ఏదో బేరానికి దిగుతోందని. "ఫెబా గారూ, అందరూ పాతదే అంటున్నారు. మీరు కూడా వీడియోల్లో అమ్మమ్మ పాట అనే చెప్పారు. మీరే రాశారని ఏదైనా ఆధారం ఉందా అండీ?"

ఫెబా ఒళ్ళో కాయలు చూసింది. ఆధారం. తన ఫోన్‌లోంచి ఆ మొదటి పాటను అనిల్ కుమార్ అప్పుడే చెరిపేశాడు. చెరిపేసి, తనదాంట్లో దాచుకున్నాడు. భార్య చెడిపోయిందనడానికి రుజువు కావాలి కదా అతనికి. దాన్ని ఎంత జాగ్రత్తగా దాచి ఉంటాడో తలుచుకుంటే ఆమెకు పొద్దున్నించీ రాని నవ్వు వచ్చింది.

"ఉందండీ," అంది. "మా ఆయన దగ్గర భద్రంగా ఉంది. నేను పాట కట్టిన రోజు పాడుకున్నది. అందులో బండి లేదు, బైకుంది. ముంత లేదు, మజ్జిగ పాకెట్టుంది. మా అత్త వాళ్ళమ్మ కాలంలో పాకెట్లు లేవు గదండీ. ఆయన్ని వినిపించమనండి."

ఆ తర్వాత కెమెరా వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే, ఆ మొదటి పాట మొదటి నుంచి పాడింది. బైకు అన్నచోట బైకు అంది. పాకెట్టు అన్నచోట పాకెట్టు అంది. కల్లంలో కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు పార వదిలి దగ్గరికొచ్చారు. వయసు పోయని పాట వాళ్ళు ఎప్పుడూ వినలేదు. 'ఎక్కడే మంటంటూ' దగ్గర ముదస్సిర్ కెమెరా వెనక నుంచి తల పక్కకు తీసి ఆమెను మామూలు కళ్ళతో చూశాడు.

"వినిపించండి అనిల్ గారూ," అంది శ్రీరమ్య.

అనిల్ కుమార్ చేయి జేబు మీద బిగుసుకుంది. ఫోన్ తీస్తే పాట పెళ్ళానిదైపోతుంది. తీయకపోతే వారం రోజులు దాచుకున్న అస్త్రం వృథా. ఏదీ తేల్చుకోలేక, అందరిముందూ నోరు జారాడు.

"పాట సంగతి తర్వాత మేడం! రాసింది రాసింది గదా, ఆ బైకోడు ఎవడో ముందు దాన్ని అడగండి!"

రాసింది అని అతనే అన్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆ సంగతి శ్రీరమ్యకి అర్థమైంది, ఫెబాకి అర్థమైంది, అతనొక్కడికే ఇంకా అర్థం కాలేదు.

ఇక పాట గురించి అడగాల్సింది ఏమీ లేదు. అయినా శ్రీరమ్య కొంచెం ముందుకు వంగింది. చదువుకున్న పిల్ల, సిటీ పిల్ల, గొంతు తగ్గించి, ఆడదానికి ఆడదానిలా అడిగింది. "అది సరే గానీ ఫెబా గారూ... నిజంగా ఎవరండీ అతను?"

పుల్లమ్మ చెవి ఒగ్గింది. కల్లంలో ఆడవాళ్ళు చెవులు ఒగ్గారు. ఎవరూ లేరు అంటే చాలు, ఆ నిమిషంతో అన్నీ సర్దుకుంటాయి. నిజం కూడా అదే. కానీ ఆ నిజం వీళ్ళ ముందు పెట్టి, నన్ను నమ్మండి అని చేతులు జోడించాల్సిన పని ఏముందో ఫెబాకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పాట రాసిన పాపానికి ఇంకెన్నిసార్లు శీలం రుజువు చేసుకోవాలి?

ఒళ్ళో కాయలు కల్లంలో పోసి లేచి నిలబడింది.

"పాట నాదండీ," అంది. "అందులో ఉన్నవాడు కూడా నావాడే."